మా పాపకు పక్క వేసిన వారందరికీ

పోయిన వారం మళ్ళీ నాదంటూ ఒక తాళంచెవి చేతికి వచ్చింది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో చిన్న ఫ్లాటు, ఒకటే పడకగది. ఆ గది పాపకు, హాల్లో సోఫా నాకు. ఈ ఏడాదిని గట్టెక్కించిన వాళ్ళకు పేరుపేరునా దండం పెట్టుకుందామనుకుంటే, పేర్లు రాస్తే ఊరుకోమని వాళ్ళే బెదిరించారు. అందుకని వరసలతో సరిపెడుతున్నాను.

సంగతి తెలియని వారి కోసం నాలుగు ముక్కలు. 2024 ఆగస్టులో, నేను పనిచేసే ఆహార కర్మాగారంలో మా విభాగం మూసేశారు. అంతకు ఏడాది ముందే మా దంపతులం విడిపోయాం. ఆరేళ్ళ పాప వాళ్ళమ్మ దగ్గర ఉంటుంది. ప్రతి శనివారం నా దగ్గరికి వచ్చి ఆదివారం సాయంత్రం వెళుతుంది. దాచుకున్న డబ్బు నాన్న గుండె ఆపరేషనుకు గుంటూరు పంపేశాను. ఇక్కడ ఎనిమిదేళ్ళు పన్ను కట్టాను, పౌరసత్వం ఉంది, మళ్ళీ ఉద్యోగం దొరికేదాకా సర్కారు నెలనెలా ఇచ్చే సాయం, యూనివర్సల్ క్రెడిట్‌లో అద్దె ఇస్తారులే అని ధీమాగా ఉన్నాను.

అద్దె 725 పౌండ్లు. వచ్చింది అందులో సగానికి కాస్త పైన. లెక్క తప్పారేమోనని ఫోను చేస్తే, అవతలి అమ్మాయి పుట్టిన తేదీ అడిగింది. ప్రైవేటు అద్దె ఇంట్లో ఉండే ఒంటరి మనిషికి 35 ఏళ్ళు నిండకపోతే, పదిమందితో కలిసి ఉండే ఇంట్లో ఒక గదికి ఎంతవుతుందో మామూలుగా అంతే ఇస్తారట, అతను విడిగా ఉంటున్నా సరే. కాగితాల మీద నాకు 33. నిజానికి 34. రేపు సర్కారు కొలువు వస్తే రిటైర్మెంటు ఒక ఏడాది ఆలస్యంగా వస్తుందని మా ఊరి బడిలో మాస్టారు నా వయసు తగ్గించి రాశారు. కొలువు రాలేదు గానీ, ఆ ఏడాది మాత్రం ఇక్కడిదాకా నా వెంట వచ్చింది.

మొదటి దండం ఉచితంగా సలహాలిచ్చే సంస్థ సిటిజన్స్ అడ్వైస్‌లో జీతం లేకుండా పనిచేసే ఒక పెద్దావిడకు. పాత కవరు వెనక బొమ్మ గీసి మరీ చెప్పారు. ఈ గది లెక్క 1996లో 25 ఏళ్ళ లోపు వారికి మొదలైంది. దాన్ని 35కు పెంచుతామని 2010 అక్టోబరులో అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ ప్రకటిస్తే, 2012 జనవరి నుంచి అమలు చేశారు. ఊళ్ళో గదుల అద్దెలన్నీ తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చితే, కింది నుంచి 30 శాతం దగ్గర గీత గీసి, సాయం అక్కడిదాకే అంటారు. 2011కు ముందు ఆ గీత సరిగ్గా నడుమ ఉండేది. ఆ మొత్తాన్ని 2024 ఏప్రిల్‌లో ఒకసారి సవరించారు, మరుసటి ఏప్రిల్‌లో కదపలేదు. అద్దె పెంచడానికి ఇళ్ళవాళ్ళు మాత్రం ఏప్రిల్ దాకా కూడా ఆగరు.

సంపాదించుకునే కుర్రాళ్ళే నలుగురు కలిసి సర్దుకుంటుంటే, సాయం తీసుకునేవాడికి విడిగా ఇల్లెందుకు అన్నది సర్కారు వాదన. అందులో న్యాయం లేదని నేను అనలేను. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో మేం ఏడుగురం ఒకే ఇంట్లో ఉన్నాం. అన్నం మాడ్చినవాడే గిన్నె తోమాలని మాకో చట్టం కూడా ఉండేది. అయితే ఆ ఏడుగురిలో ఎవరికీ పిల్లలు లేరు. ఇప్పుడు నాకుంది. పిల్ల ఎవరి దగ్గర ఎక్కువ రోజులు ఉంటే వారి లెక్కలోకే వస్తుంది. నెలకు నాలుగు రాత్రులు నాన్న దగ్గర పడుకునే పిల్లకు ఆ దరఖాస్తులో గడి లేదు.

ఆ పెద్దావిడే, కౌన్సిల్ తన విచక్షణ మీద ఇచ్చే అదనపు అద్దె సాయం ఒకటుందని చెప్పి దగ్గరుండి నింపించారు. “పాప మంచం గురించి రాయండి. కొలతలతో సహా రాయండి” అన్నారు. రాశాను. మూడు నెలలు లోటు పూడ్చారు. ఆ తర్వాత వీలుకాదన్నారు. తిండికీ కరెంటుకూ బస్సుకూ కలిపి అప్పట్లో నెలకు ఇచ్చిన 393 పౌండ్లలోంచి 300 దాకా తీసి ఒక నెల అద్దె కట్టాను. రెండో నెల నావల్ల కాలేదు. 2025 ఫిబ్రవరిలో మంచం అమ్మేసి, ఒక షేరింగ్ ఇంట్లో గదికి మారాను.

ఆ గది డిపాజిట్టు 400 పౌండ్లు మన కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్క రాత్రిలో పోగయ్యాయి. వేసినవాళ్ళలో సగం మంది విద్యార్థులు. వాళ్ళ వీసాలకు ఇలాంటి సర్కారు సాయం ముట్టుకునే వీలే లేదు, అయినా తలా పది పౌండ్లు వేశారు. తమ్ముళ్ళూ, జాబితా నా దగ్గర భద్రంగా ఉంది. ఒక్కొక్కరికీ తిరిగి వేస్తున్నాను, వద్దనకండి.

ఆ ఇంట్లో ఐదుగురం. పాపను ఒకే ఒక్కసారి, పట్టపగలు తీసుకెళ్ళాను. నడవాలో నిలబడి తలుపులు లెక్కపెట్టింది. “నాన్నా, అందరూ ఒకే ఇంట్లో ఉంటే అన్ని తలుపులకూ తాళాలెందుకు?” అని అడిగింది. రాత్రిపూట అతిథులు ఉండకూడదని అక్కడి నియమం. దాన్నీ తప్పుపట్టను. ముక్కూ మొహం తెలియని నలుగురు మగవాళ్ళు వాడే స్నానాలగదికి అర్ధరాత్రి ఆరేళ్ళ పిల్లను నేనైనా పంపను. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. పక్క గదిలోని 23 ఏళ్ళ కుర్రాడు, పాపకు దోసెలు పట్టుకెళతానంటే ఫ్రిజ్‌లో తన అర ఖాళీ చేసి పిండి గిన్నెకు చోటిచ్చాడు. పిండి పొంగి అతని చీజ్ మీద కారినా పల్లెత్తు మాట అనలేదు. అతనికి తెలుగు రాదు. ఈ ముక్క చదివి వినిపిస్తాను.

ఇక పిన్నీ, బాబాయీ. మాకు ఏ చుట్టరికమూ లేదు. గుళ్ళో పులిహోర కోసం నిలబడ్డప్పుడు పరిచయం, అంతే. సంగతి విన్న వారమే పిన్ని ముందుగదిలో సోఫా వెనక పరుపు చుట్టి పెట్టింది. ఫిబ్రవరి నుంచి మొన్నటి సెప్టెంబరు దాకా ప్రతి శనివారం రాత్రి పాపా నేనూ అక్కడే పడుకున్నాం. టీవీ ఆ గదిలోనే ఉంది. బాబాయి వంటగదిలో స్టూలు మీద కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని ఫోనులో క్రికెట్ చూశారు. వికెట్ పడితే అరవబోయి తన నోరు తానే మూసుకునేవారు. ఒకసారి బియ్యం బస్తా తీసుకెళితే, “ఇంకోసారి తెస్తే గుమ్మం ఎక్కనివ్వను” అని పిన్ని కసిరింది. పాప తలకు నూనె పెట్టకుండా ఒక్క ఆదివారమూ పంపలేదు.

సలహా కోసం ఎదురుచూసే ఆ కుర్చీల్లో నాలాంటి తండ్రులను ఇంకొందరిని చూశాను. పార్కులో, బర్గర్ దుకాణంలో పిల్లలతో రెండు గంటలు గడిపి పంపించేస్తున్నారు. వాళ్ళకు పిన్ని లేదు. అది తలచుకుంటే థాంక్స్ చెప్పే నోరు కాస్త చేదవుతుంది.

కొత్త ఉద్యోగం సెప్టెంబరులో వచ్చింది. వచ్చే శనివారం ఉదయం కొత్త ఇంట్లో పాలు పొంగిస్తున్నాం. అందరూ రండి. పొగ అలారం మోగకముందే కిటికీ తెరిచే బాధ్యత బాబాయిది. పాప మంచం ఈసారి కాస్త పొడుగుది కొన్నాను, ఏడాదిలో నాలుగంగుళాలు పెరిగింది మరి.