నాన్న మిర్చి డబ్బుల కోసం పరుగెత్తిన అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు

ఈ పోస్టు కాస్త పొడవుగా ఉంటుంది. ఎవరు ఏం చేశారో వివరంగా రాస్తేనే నాకు తృప్తి.

ఖమ్మం జిల్లాలోని మా ఊరి వాట్సాప్ గ్రూపులోకి 'పీఎం కిసాన్' పేరుతో ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) వచ్చింది. వచ్చింది కూడా ఊరంతా నమ్మే పెద్దాయన నంబరు నుంచే. ఆయన పంపలేదు పాపం, ఆయన ఫోన్లో అప్పటికే దూరిన ట్రోజన్, అంటే మంచి యాప్ వేషంలో వచ్చే దొంగ యాప్, ఆయన పేరుతో తనంతట తానే పంపుకుంది. కేవైసీ చేయకపోతే తర్వాతి విడత రెండు వేలు ఆగిపోతాయని కింద తెలుగులో రాసి ఉంది. ఆ పథకం కింద రైతుకి ఏడాదికి ఆరు వేలు మూడు విడతల్లో పడతాయి, కేవైసీ నిజంగానే అడుగుతారు, అలాంటప్పుడు రైతుకి అనుమానం ఎందుకొస్తుంది? నాన్న ఇన్‌స్టాల్ చేశారు, మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడిగితే ఇచ్చారు, ఆ తర్వాత యాప్ ఐకాన్ కనపడకుండా పోయింది. ఇక బ్యాంకు ఓటీపీలు నాన్న చూసేలోపే ఆ దొంగలకి చేరిపోయాయి. మిర్చి అమ్మిన డబ్బులోంచి రెండు దఫాలుగా కొంత పోయింది.

మొదటి థ్యాంక్స్ మా వెనకింటి ఇంటర్ అమ్మాయికి. నాన్న నంబరు నుంచి తనకీ అదే ఫైలు వస్తే, డిలీట్ చేసి ఊరుకోకుండా ఇంటికి పరుగెత్తుకొచ్చి "పెద్దనాన్నా, ఇది మీరే పంపారా?" అని అడిగింది. అప్పటికప్పుడు ఫోన్లో నెట్ ఆపించింది. ఆ అమ్మాయి రాకపోయి ఉంటే తెల్లారేసరికి ఖాతాలో ఏమీ మిగిలేది కాదు.

మండల కేంద్రంలో మొబైల్ షాపు నడిపే అన్నకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. షాపు మూసేవేళ అయినా అన్నం మానేసి కూర్చున్నాడు. ముందు సిమ్ తీసి మామూలు కీప్యాడ్ ఫోన్లో వేశాడు, అప్పుడు ఓటీపీలు వాళ్లకి పోవు, బ్యాంకు వాళ్లతో మాట్లాడటానికి నంబరూ మన చేతిలో ఉంటుంది. నాకైతే ఇది తట్టేది కాదు, హైదరాబాద్‌లో టెన్షన్‌తో చేతులు వణుకుతూ కూర్చున్నాను. మన కాల్స్ వాళ్లకి మళ్లేలా కాల్ ఫార్వర్డింగ్ ఏమైనా పెట్టారేమోనని ##002# కొట్టి తీసేశాడు. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ ఆ ఫోన్లో అసలు మార్చొద్దని, మార్చినవి కూడా వాళ్లకి కనిపించవచ్చని గట్టిగా చెప్పాడు. ఫోటోలు మాత్రం కాపీ చేసి ఫోన్ మొత్తం రీసెట్ చేశాడు, వాట్సాప్‌కి టూ స్టెప్ పిన్ పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి చేస్తే ఫోన్ ఎత్తిన మేడమ్ పేరు నాకు తెలియదు. నాన్న కంగారులో చెప్పిందే చెబుతుంటే, "కంగారు పడకండి బాబాయ్, ఒక్కొక్కటి చెప్పండి" అంటూ ఖాతా నంబరు, డబ్బు పోయిన సమయం, లావాదేవీ నంబరు అన్నీ ఓపిగ్గా రాసుకున్నారు. అక్కడ నమోదైన వెంటనే డబ్బు వెళ్లిన బ్యాంకులకి కబురు వెళ్లి, ఇంకా డ్రా చేయని సొమ్ము ఆగిపోతుంది. మా డబ్బులో ఎక్కువ భాగం అలాగే ఆగింది. కొంత అప్పటికే తీసేసుకున్నారు. ఆగినది తెలంగాణలో లోక్ అదాలత్ ద్వారా తిరిగి ఇప్పిస్తున్నారని పోలీస్ స్టేషన్‌లో చెప్పారు. అక్కడి కానిస్టేబుల్ గారు దరఖాస్తు దగ్గరుండి రాయించారు, వారికీ ధన్యవాదాలు.

మా బ్రాంచి ఆఫీసరు గారు సెలవు రోజైనా ఫోన్ ఎత్తి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ అన్నీ బ్లాక్ చేయించారు, ఫిర్యాదు ఇచ్చిన సమయం రాసి ఉన్న రసీదు ఇచ్చారు. బ్యాంకుకి చెప్పాక జరిగే నష్టం బ్యాంకే భరించాలని 2017లోనే ఆర్బీఐ చెప్పింది, అందుకే ఆ రసీదు చాలా ముఖ్యమని ఆయనే విడమరచి చెప్పారు.

అన్నిటికన్నా నేను మర్చిపోలేనిది ఒకటుంది. ఇంతమందిలో ఒక్కరు కూడా "చదువుకోనోడివి నీకెందుకయ్యా ఈ ఫోన్లు" అనలేదు. ఆ మాట పడాల్సి వస్తుందన్న భయంతోనే మా దగ్గర చాలామంది డబ్బు పోయినా నోరు విప్పరు. మొదట ఎవరి నంబరు నుంచి గ్రూపులోకి ఫైలు వచ్చిందో ఆ పెద్దాయన్ని కూడా ఎవరూ నిందించలేదు, ఆయనే ఇంటింటికీ తిరిగి "నా పేరుతో వచ్చింది తెరవకండి" అని చెప్పారు. ఆ వయసులో ఎండలో అలా తిరగడం చూసి నాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

గ్రూపు అడ్మిన్ తమ్ముడు ఫైలు తీసేసి, చదవడం రానివాళ్ల కోసం వాయిస్ మెసేజ్ పెట్టాడు. అతనికీ థ్యాంక్స్. ఆ ఫైలు తెరిచినవాళ్లు ఇంకా ఉంటే చాట్‌లో డిలీట్ చేసి వదిలేయకండి, యాప్ ఫోన్ లోపలే ఉంటుంది. ముందు నెట్ ఆపండి, డబ్బు పోతే 1930కి చేయండి, ఫోన్ తీసుకుని షాపు అన్న దగ్గరికి వెళ్లండి. సాయంత్రాలు మన ఊరివాళ్ల ఫోన్లు ఊరికే చూసిపెడతానని అన్నే చెప్పమన్నాడు.