బండి ‘ఱ’ను, ‘వేంచేయు’ను తెలిసి వాడాలి

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

మా వీధి రామాలయంలో జరగనున్న కల్యాణోత్సవానికి ఆహ్వాన పత్రిక అచ్చువేయించే బాధ్యత ఈసారి నాకు అప్పగించారు. ప్రూఫు దిద్దుతుండగా, నేను వ్రాసి ఇచ్చిన పద్యంలోని బండి ‘ఱ’లన్నీ మామూలు ‘ర’లుగా మారి కనిపించాయి. అడిగితే, “ఆ అక్షరం కీబోర్డులో లేదు మాస్టారూ, ఉన్నా ఎవరూ చదవరు” అన్నాడు కంపోజు చేసిన కుర్రవాడు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో షిఫ్టు పట్టుకొని ‘జె’ మీట నొక్కి చూపించాను. తెరమీద ‘ఱ’ పడింది.

ఉచ్చారణలో ఈ రెండింటికీ నేడు తేడా వినిపించదన్నది నిజమే. వార్తలన్నింటిలో ‘ఱ’ను తిరిగి తెమ్మని నేను కోరడం లేదు. కానీ ‘అర’ అంటే సగం, ‘అఱ’ అంటే బీరువాలోని గడి. బియ్యంలో రాళ్లను ‘ఏరు’తాం, వాన వెలిశాక దాటేది ‘ఏఱు’. పూర్వకవులు ప్రాసస్థానంలో, అంటే పద్యపాదంలోని రెండవ అక్షరం చోట, ఈ రెంటినీ కలపకుండా జాగ్రత్తపడ్డారు గనుక, వారి పద్యాలను ‘ర’తో అచ్చువేస్తే ఆ జాగ్రత్త పాఠకుడికి కనిపించకుండా పోతుంది. మీ పత్రికలో ప్రాచీన పద్యాలు ప్రచురించేటప్పుడైనా ‘ఱ’ను ఉంచవలసిందిగా నా మనవి.

అదే ప్రూఫులో మరొక వాక్యం నన్ను ఇంకా బాధించింది: “మేమందరమూ వేంచేసి స్వాగతం పలుకుదుము.” ‘వేంచేయు’ అనేది ఎదుటివారి పట్ల మన గౌరవాన్ని తెలిపే క్రియ, తన రాకను గురించి తానే ఆ మాట అనుకోవడం తెలుగు మర్యాద కాదు. విజయవాడలో ‘ఇంద్రకీలాద్రిపై వేంచేసియున్న శ్రీ దుర్గామల్లేశ్వర స్వామివార్లు’ అన్నప్పుడు దానికి కొలువై ఉండడమని అర్థం. స్వామి వాహనంపై ఊరేగింపుగా వేంచేస్తారన్నప్పుడు వెళ్లడం, ‘తమరు వేంచేయవలెను’ అన్నప్పుడు రావడం. ఉండడం, పోవడం, రావడం మూడింటినీ సందర్భాన్నిబట్టి చెప్పగల ఇటువంటి క్రియలు మనకు ఎన్నో లేవు. ఆలయాలలో స్వామివారి ‘వేంచేపు’ అనే మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంది. సభల్లో మైకు పట్టుకున్నవారు మాత్రం ‘నేను ఇక్కడికి వేంచేసినందుకు’ అంటూ మొదలుపెడుతుంటే మనసు కలుక్కుమంటుంది.

రెండవ ప్రూఫులో ‘మేమందరమూ వచ్చి’ అని సరిచేయించాను. పద్యంలోని ‘ఱ’లను ఆ కుర్రవాడే ఒక్కొక్కటీ వెదికి మార్చాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు.