సవర ఊళ్లలో సువార్త: మైకు కంటే ముందు భాష

సంపాదకులకు నమస్కారం.

క్రిస్మస్ దగ్గర పడుతోంది. మెళియాపుట్టి, మందస, పాతపట్నం మండలాల్లోని సవర గిరిజనుల ఊళ్లకు ఇక జీపులు, ఆటోలు మాట్లాడుకుని సువార్త బృందాలు బయలుదేరతాయి. నేను బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినవాణ్ని. సువార్త చెప్పమన్నది ప్రభువు ఆజ్ఞ, అందులో నాకు సందేహం లేదు. చెప్పే తీరు గురించే నా బాధ.

మైదానం నుంచి వెళ్లినవాళ్లు ఊరి నడుమ సౌండ్ బాక్సులు పెట్టి గంటకు పైగా తెలుగులో ప్రసంగిస్తారు. సవర భాష తెలుగుకు చుట్టం కాదు, అది ముండా అనే వేరే భాషా కుటుంబంలోది. కుర్రాళ్లకు తెలుగు వచ్చు కానీ ముసలివాళ్లకు మన ప్రసంగం సగం కూడా అందదు. అందేది ఒక్కటే, మీవి దయ్యాల పూజలు అన్న మాట. కొత్త కందుల పండుగ కందికొత్త చేసుకుంటున్న ఇంటి ముందు నిలబడి ఆ మాట అంటే ఇంటి పెద్ద మనసు ఎంత నొచ్చుకుంటుంది! చనిపోయిన తాతముత్తాతల కోసం గోడ మీద బొమ్మలు రాయించుకునే జనం వాళ్లు. తల్లిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞ మనకూ ఉంది. మాట అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు కదా.

పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడి నడిపారు. వాళ్ల భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన క్రైస్తవుడు కాదు, మతం చెప్పడానికి వెళ్లలేదు. ఆత్మలను రక్షించాలన్న భారం ఉందని ప్రార్థించే మనకు ఆయన ఓర్పులో పదోవంతైనా ఉండొద్దా?

మన దగ్గరకు సువార్త వచ్చిందీ అలాగే. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని సువార్తలను తెలుగులోకి తేవడానికి కూర్చున్నారు. అయిదారేళ్లలోనే ఇద్దరూ ఇక్కడే కన్నుమూశారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు మన రాగతాళాల్లో కీర్తనలు కట్టారు కాబట్టే మా ముసలమ్మలు పుస్తకం లేకుండా పాడగలుగుతున్నారు. మనకు దక్కినది సవరలకు ఎందుకు దక్కకూడదు? అన్యజనుల మీద యూదుల ఆచారాల భారం మోపవద్దని యెరూషలేము పెద్దలు తేల్చిన సంగతి అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో చదువుతూనే ఉంటాం. మరి సవర విశ్వాసి తన డప్పు, తన ఆట వదిలేసి కీబోర్డు పాటలే పాడాలని ఎవరు చెప్పారు? ఏది ఉంచుకోవాలో, ఏది విడవాలో ఆ ఊరి విశ్వాసులే వాక్యం చదువుకుని తేల్చుకోవాలి.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. ప్రార్థన చేశాం, ఇక ఆసుపత్రికి వెళ్లక్కర్లేదు అనేవాళ్లు ఉన్నారు. మలేరియా జ్వరాలున్న కొండ ఊళ్లలో ఆ మాట ప్రాణం తీస్తుంది. దుప్పట్లు పంచితే ప్రార్థన కూటానికి రానివాళ్లకూ పంచండి.

రాజ్యాంగం 25వ అధికరణ మత ప్రచారానికి హక్కు ఇచ్చింది. ఎదుటివాణ్ని మతం మార్చే హక్కు మాత్రం అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని అడ్డం పెట్టుకుని పాస్టర్లను కొట్టడం, బైబిళ్లు లాక్కోవడం కూడా నేరమే. ఫిర్యాదు ఉంటే పోలీసు స్టేషన్ ఉంది.

సంఘ పెద్దలను కోరేది ఇది. ఈ డిసెంబరులో ఊరి పెద్దలను అడిగాకే కూటం పెట్టండి. సవర విశ్వాసులనే మాట్లాడనివ్వండి, మనం వెనక కూర్చుందాం. బృందాల ఖర్చులో కొంత మిగిల్చి, ఇద్దరు యువకులను ఏడాదిపాటు కొండ ఊరిలో ఉండి భాష నేర్చుకోమని పంపండి. అందుకు మొదటి చందా నా పింఛను నుంచి నేనిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా