సీటు ఊళ్లోనే వచ్చినా, మొదటి ఏడాది హాస్టల్ ఎందుకు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ దగ్గరపడుతోంది. పన్నెండో తరగతి పూర్తి చేసిన పిల్లల ఇళ్లలో ఇప్పుడు ఒకటే చర్చ: విశాఖలోనే సీటొస్తే ఇంటి నుంచి పంపాలా, కాలేజీ హాస్టల్లో వేయాలా? ఇల్లు కాలేజీకి నాలుగైదు కిలోమీటర్లలోపు ఉంటే ఆలోచించే పనే లేదు, ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. అంతకన్నా దూరమైతే, కనీసం మొదటి ఏడాది క్యాంపస్ లోపలి హాస్టల్లో ఉంచమని నా సలహా. ఎందుకో వివరంగా రాస్తున్నాను.

ముందు సమయం లెక్క చూడండి. గాజువాక నుంచి రుషికొండ పాతిక కిలోమీటర్లు పైమాటే. ఎన్ఏడీ, మద్దిలపాలెం మీదుగా స్టాపు స్టాపుకీ ఆగుతూ పోయే కాలేజీ బస్సుకి పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర పడుతుంది. సెమిస్టర్‌కి 90 పని దినాలు వేసుకుంటే 270 గంటలు. వారానికి నాలుగు గంటల చొప్పున పదిహేను వారాలు జరిగే నాలుగు సబ్జెక్టుల క్లాసులన్నీ కలిపినా 240 గంటలే. పైగా బస్సులో పోయేది ఉత్త సమయం కాదు, ఒంట్లో ఓపిక కూడా. ఆరున్నరకు ఇల్లు చేరిన పిల్ల రికార్డు రాయడం మొదలుపెట్టేసరికి తొమ్మిదవుతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ల్యాబ్ అయిన వెంటనే కాలేజీ బస్సు కదులుతుంది. లెక్చరర్ని నిలబెట్టి సందేహం అడగడానికీ, లైబ్రరీలో కూర్చోడానికీ, ఏదైనా క్లబ్బులో ప్రాజెక్టు చేయడానికీ వీలుండేది ఆ తర్వాతే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. కృష్ణా లైబ్రరీ లాంటి గ్రంథాలయం ఉన్నా, బస్సు టైము చూసుకుని పరుగెత్తే విద్యార్థికి అది అందనట్టే.

బండి కొనిస్తే సరిపోతుందని అనుకునేవారికి ఒక హెచ్చరిక. కాలేజీలో చేరేనాటికి చాలామందికి పదిహేడేళ్లే. గేర్ల బండికి లైసెన్సు పద్దెనిమిది నిండితేగాని రాదు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించే వీలు 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో ఉంది. అన్నిటికీ మించి, వెళ్లే దారి లారీలు తిరిగే జాతీయ రహదారి.

హాస్టల్ అనగానే మన కళ్ల ముందు మెదిలేది ఇంటర్ కార్పొరేట్ కాలేజీల హాస్టల్. ఇది అలాంటిది కాదు. ఇక్కడ స్టడీ అవర్లు ఉండవు, పక్కన నిలబడి చదివించే ఇన్‌చార్జి ఉండడు. క్రమశిక్షణ కోసం చేరిస్తే నిరాశే మిగులుతుంది. ఇక్కడి లాభం పక్క గదుల నుంచి వస్తుంది. ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ సంగతే తీసుకోండి. మొదటి ఏడాదిలో బ్యాక్‌లాగ్ పడే, అంటే తప్పి మళ్లీ రాయాల్సొచ్చే, సబ్జెక్టుల్లో అదొకటి. ప్రొజెక్షన్ ఎక్కడ తిరగబడిందో ఇంట్లో ఒంటరిగా షీటు వేసే పిల్లవాడికి తెలియదు. హాస్టల్లో నలుగురు నేల మీద షీట్లు పరుచుకుంటే ఒకడి తప్పు ఇంకొకడికి ఇట్టే కనబడుతుంది, సీనియరొకడు అటుగా వస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. పాత ప్రశ్నపత్రాలు, డ్రాయింగుకి వాడే మినీ డ్రాఫ్టరు, పుస్తకాలు చేతులు మారేది కూడా అక్కడే. శ్రీకాకుళం పల్లెల నుంచీ, పాడేరు ఏజెన్సీ నుంచీ వచ్చిన పిల్లలతో ఒకే గదిలో ఉండటం మన నగరం పిల్లలకు చాలా అవసరమని నా గట్టి నమ్మకం.

ఇవన్నీ కాంపౌండు లోపలి హాస్టల్‌కే వర్తిస్తాయి. కాలేజీకి రెండు వీధుల అవతల ఉండే ప్రైవేటు హాస్టల్ వేరు. అక్కడ వేర్వేరు కాలేజీల వాళ్లు, ఉద్యోగస్తులు కలిసి ఉంటారు, వార్డెన్ కాలేజీకి జవాబుదారీ కాదు. అందుకే అలాట్‌మెంట్ వచ్చి సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నామని ఆన్‌లైన్లో తెలపడం) చేసిన రోజే హాస్టల్ దరఖాస్తు కూడా ఇవ్వండి. తర్వాతి విడతల దాకా ఆగితే గదులు నిండిపోతాయి, ఇక మిగిలేది ఆ బయటి హాస్టలే.

చూడడానికి వెళ్తే రాత్రి భోజనం వేళకు వెళ్లండి, వంట ఎలా ఉందో తెలుస్తుంది. గదికి ఎంతమంది, మనిషికో బల్ల ఉందా, కిటికీలకు దోమల మెష్ ఉందా చూడండి. వార్డెన్ ఆ బ్లాకులోనే ఉంటారా అని అడగండి. అర్ధరాత్రి జ్వరమొస్తే ఏ బండిలో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో కచ్చితమైన జవాబు రాబట్టండి. జనరేటరు, నీళ్ల ట్యాంకు గురించి కూడా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటూ నీళ్లూ లేకుండా రోజుల తరబడి గడిపిన ఊరు మనది.

ఖర్చు పోల్చేటప్పుడు ఇటు బస్సు ఫీజు, మధ్యాహ్నం క్యాంటీను, పెట్రోలు కలపండి. అటు గది అద్దె, మెస్, కరెంటు, తిరిగిచ్చే కాషన్ డిపాజిట్ విడివిడిగా రాసుకోండి. మెస్ బిల్లు నెలకింత అని స్థిరమా, లేక డివైడింగ్ పద్ధతా అన్నది అడిగి తీరాలి. డివైడింగ్‌లో నెల ఖర్చు మొత్తాన్ని తిన్న రోజులతో భాగిస్తారు కాబట్టి బిల్లు నెలనెలా మారుతుంది. ఇంటికొచ్చిన రోజులకు తగ్గింపు కావాలంటే చాలాచోట్ల ముందే రాసివ్వాలి, వరసగా కొన్ని రోజులు లేకపోతేనే ఇస్తారు. మధ్యలో ఖాళీ చేస్తే ఎంత వెనక్కి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

ర్యాగింగ్ భయం సహజమే. 2009 యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనల ప్రకారం మొదటి ఏడాది విద్యార్థులకు వీలైనంతవరకు విడి బ్లాకు ఉండాలి. విద్యార్థీ, తల్లిదండ్రులూ ఏటా విడివిడిగా అఫిడవిట్ ఇవ్వాలి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరు పిల్లల ఫోన్లో చేరేముందే ఉండాలి.

సామానులో ఎలక్ట్రిక్ కెటిల్, హీటరు పెట్టకండి. గదిలో మామూలు ప్లగ్ పాయింటు 6 ఆంపియర్లది. 1500 వాట్ల కెటిల్ ఒక్కటే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇస్త్రీపెట్టె కూడా తగిలిస్తే వైరు వేడెక్కి కరుగుతుంది. చాలా హాస్టళ్లలో అవి దొరికితే జరిమానా వేస్తారు, అది న్యాయమే. ఉప్పుగాలికి ఇనుప తాళాలు పట్టేస్తాయి, ఇత్తడి తాళం కొనండి. వానాకాలంలో బట్టలు రెండు రోజులకైనా ఆరవు, లోదుస్తులు కనీసం ఎనిమిది జతలు పెట్టండి. పదహారేళ్లకు వేయాల్సిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా పడిందో లేదో కార్డులో చూసుకోండి.

ఊళ్లోనే ఇల్లు ఉన్న పిల్లలతో ఒక చిక్కు ఉంది. శనివారం మధ్యాహ్నానికే బట్టల సంచితో ఇంటికి చేరుతారు. హాస్టల్లో స్నేహాలు కుదిరేది శని, ఆదివారాల్లోనే. మొదటి నెల పిలవకండి, మీరే ఒకసారి వెళ్లి చూసి రండి. రోజుకోసారి, ఒకే వేళకు ఫోను చేస్తే చాలు. ఇంకో మాట: బయటి ఊళ్ల స్నేహితులను బీచ్‌కి తీసుకెళ్లేది మన పిల్లలే. ఆర్కే బీచ్‌లో, యారాడలో అలలు కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయని, ఈత వచ్చినవాళ్లు కూడా దిగకూడదని వాళ్లచేత స్నేహితులకు చెప్పించండి.

టీసీ, స్టడీ సర్టిఫికెట్లు స్కూలు ఆఫీసులో తీసుకోండి. కులం, ఆదాయం ధ్రువపత్రాలకు వార్డు సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. హాస్టల్ దరఖాస్తుకు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, స్థానిక సంరక్షకుడి ఆధార్ జిరాక్సు కూడా అడుగుతారు. ఫారం నింపడంలో ఏ సందేహమున్నా పిల్లలతో కలిసి స్కూలుకు రండి, కూర్చుని నింపుదాం.

ఇట్లు,
ప్రిన్సిపాల్