టాపు కురుస్తోందని టాపు మార్చేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ వాహనాల పేజీలో కొత్త కార్ల ఫీచర్లు, మైలేజీ, రంగుల గురించి వివరంగా రాస్తున్నారు. కొన్న కారును సొంత చేతులతో ఎలా చూసుకోవాలన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. టాపు తీసే చిన్న కార్ల మాట వస్తే మరీనూ. ‘సరదాగా ఉంటాయి కానీ వానకు కురుస్తాయి, మెయింటెనెన్స్ ఎక్కువ’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దయచేసి ఆ పేజీలో నెలకో అరకాలమ్ అయినా యజమానులు చేసుకోగల పనులకు కేటాయించండి. ఆ కాలమ్‌లో ఎలాంటి విషయాలు ఉండాలని కోరుకుంటున్నానో చెప్పడానికే ఈ ఉత్తరం.

అన్ని కార్ల గురించీ కలిపి చెబితే ఏదీ పనికిరాదు కాబట్టి మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరం బండిని తీసుకుంటాను. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటికొచ్చిన ఈ రెండు సీట్ల కారు, అన్ని తరాలూ కలిపి, 2016 నాటికి పది లక్షలు తయారైంది. తొలి బండ్లలో 1,597 సీసీ (1.6 లీటర్ల) ఇంజిన్, బరువు టన్నుకు లోపే. ఇంజిన్‌ను నిలువుగా, ముందు నుంచి వెనక్కి అమర్చారు. బానెట్ ఎత్తితే దాదాపు ప్రతి భాగానికీ చెయ్యి అందుతుంది. ఈ కారుతో కుస్తీ పట్టడంలో ఆనందమంతా అక్కడే ఉంది. ఏది ఎందుకు ఉందో కళ్లతో చూసి అర్థం చేసుకోవచ్చు, మామూలు పానాలతో విప్పి మళ్లీ బిగించొచ్చు.

ముందు కురవడం సంగతి. సీటు వెనక కార్పెట్ తడిసిందంటే చాలామంది టాపు చిరిగిందనుకుంటారు. చాలాసార్లు టాపు బాగానే ఉంటుంది. గుడ్డ మీద పడ్డ నీళ్లు వెనక్కి జారి, వెనక కిటికీ కింద అంచున ఉండే పట్టీలో చేరతాయి. ఆ పట్టీ సన్నటి కాలువలా నీళ్లను రెండు పక్కలకూ పంపి, సీట్ల వెనక మూలల్లో, సీటు బెల్టు స్తంభం మొదట్లో ఉన్న రంధ్రాల్లో వదులుతుంది. అక్కణ్నుంచి గొట్టాలు దిగి, వెనక చక్రాలకు కాస్త ముందు బండి అడుగున తెరుచుకుంటాయి. చెట్టు కింద నిలిపే కారులో ఎండుటాకుల పొడి, దుమ్ము కలిసి ఈ గొట్టాల్లో ముద్ద కడతాయి. ఇక పోయే దారి లేని నీరు లోపలికి పొర్లుతుంది. కార్పెట్ తడవడం చిన్న నష్టం. అసలు నష్టం తలుపుల కింద పెట్టెలా ఉండే సిల్‌లో జరుగుతుంది. అక్కడ నిలిచిన తడి రేకును లోపలి నుంచి తింటూ వస్తుంది. పైన రంగు ఉబ్బి కనిపించే సరికి లోపల సగం తుప్పే. సెకండ్ హ్యాండ్ బండి చూడడానికి వెళ్లినవాళ్లు ఇంజిన్ శబ్దం వినే ముందు, వెనక చక్రం ముందున్న సిల్ చివరను వేలితో గట్టిగా నొక్కి చూడాలి.

పరీక్ష సులభం. టాపు దించి, ఒక్కో రంధ్రంలో అర లీటరు నీళ్లు సన్నటి ధారగా పోయండి. కొన్ని క్షణాల్లో కింద ధార కట్టాలి. చుక్కలుగా పడుతున్నా, రంధ్రం దగ్గర నీరు నిలబడినా గొట్టం మూసుకుపోయినట్టే. శుభ్రం చేయడానికి ఇనుప తీగ వాడొద్దు, గొట్టానికి చిల్లు పడుతుంది. గడ్డి కోసే మెషిన్‌లో చుట్టే మందపాటి నైలాన్ తీగ బాగా పనికొస్తుంది. కొసను లైటర్‌తో కరిగించి గుండ్రంగా చేసుకుని, వీలైతే కింది నుంచి పైకి తోయండి. ముద్ద పైకి వస్తే చేత్తో తీసి పారేయొచ్చు. కంప్రెసర్ గాలి కొట్టించడం అందరూ చెప్పే చిట్కాయే గానీ నాకు నచ్చదు. ఆ ఒత్తిడికి గొట్టం లోపలి జాయింటు దగ్గర ఊడితే, అప్పటిదాకా కార్పెట్ మీదికొచ్చిన నీరు ఇకపై నేరుగా బాడీ లోపలికి దిగుతుంది, పైకి ఏమీ తెలియదు. ఏడాదికి రెండుసార్లు ఈ పని చేస్తే చాలు.

రంధ్రాలు బాగున్నా కురుస్తుంటే అప్పుడు రబ్బరు సీళ్ల వంతు. తలుపు అద్దం ఆనే సీలు మీద టాల్కం పౌడర్ పల్చగా అద్ది, అద్దం పూర్తిగా ఎత్తి తలుపు మూసి మళ్లీ తెరవండి. అద్దం అంచు మీద పౌడర్ గీత ఎక్కడ తెగిందో అక్కడ సీలు ఆనడం లేదు. చాలావరకు సీలు మార్చాల్సిన పనుండదు. తలుపు లోపలి అట్ట విప్పి అద్దం స్టాపరును కొద్దిగా జరిపితే సరిపోతుంది. ఆ తర్వాత పైపుతో తక్కువ ధారతో కింది నుంచి పైకి తడుపుతూ రండి, లోపల మరొకరు టార్చితో చూడాలి. పై నుంచి మొదలుపెడితే అన్ని చోట్లా ఒకేసారి తడిసి, నీరు ఎక్కణ్నుంచి వచ్చిందో తేలదు. సీళ్లకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. పెట్రోలియం జెల్లీ రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

టాపు చిరగడానికి ముఖ్య కారణం దాన్ని దించే తీరు. మొదటి తరం బండిలో వెనక కిటికీ గాజు కాదు, మెత్తటి ప్లాస్టిక్. ముందు దాని జిప్పు విప్పి, కిటికీని వెనక డెక్ మీద చదునుగా పరచాలి. దానిపై మెత్తటి టవల్ వేసి, ఆ తర్వాతే ముందరి రెండు కొక్కేలు విప్పి టాపు మడవాలి. జిప్పు విప్పకుండా మడిస్తే ప్లాస్టిక్ మీద పడ్డ ముడతే కొన్నాళ్లకు పగులవుతుంది. చలిలో ఈ ప్లాస్టిక్ గట్టిపడుతుంది కాబట్టి ముందు హీటర్ వేసి లోపల వెచ్చబడనివ్వాలి. ఎత్తేటప్పుడు క్రమం తిరగబడుతుంది: కొక్కేలు బిగించాక జిప్పు వేయాలి. తడి టాపును మడిచి ఉంచొద్దు, బూజు పడుతుంది, కుట్ల దారం కుళ్లుతుంది. కిటికీని పొడిగుడ్డతో తుడవకండి. ముందు నీళ్లతో దుమ్ము వదిలించి, తడిగుడ్డతో ఒకే దిశలో తుడవాలి. అమ్మోనియా ఉండే గాజు క్లీనర్లు ప్లాస్టిక్‌ను మసకబారుస్తాయి. ఈ బాధ తప్పించుకోవాలంటే తర్వాతి తరం బండికి వచ్చిన గాజు కిటికీ టాపును దీనికి బిగించుకోవచ్చు, చాలామంది చేస్తున్న పనే.

బ్యాటరీ ఇందులో డిక్కీలో ఉంటుంది. మూసి ఉన్న చోటు కాబట్టి, చార్జింగ్‌లో వెలువడే వాయువు బయటికి పోవడానికి సన్నటి గొట్టాలు పెట్టారు. మామూలు బ్యాటరీ కొని గొట్టం తగిలించకుండా వదిలేస్తే యాసిడ్ ఆవిరి డిక్కీ రేకును తినేస్తుంది. గొట్టం తగిలించే మూతి ఉన్న సీల్డ్ ఏజీఎం (యాసిడ్ పొర్లని రకం) బ్యాటరీయే కొనాలి.

నీటి విషయంలో చేసే పొరపాటే ఆయిల్ విషయంలోనూ జరుగుతుంది. గేర్‌బాక్సు, ఇంజిన్ కలిసే చోట కింద ఆయిల్ చుక్కలు కనపడగానే క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) వెనక సీలు పోయిందంటారు. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి, పెద్ద ఖర్చు. ముందు సిలిండర్ హెడ్ వెనక, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) వైపు ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సర్ చుట్టూ వేలు పెట్టి చూడండి. దాని ఓరింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి చదునై, అక్కణ్నుంచి ఆయిల్ హెడ్ వెనక గోడ మీదుగా జారి సరిగ్గా ఆ జాయింటు దగ్గరే కారుతుంది. ఓరింగ్ మార్చడం ఒక సాయంత్రం పని. సెన్సర్ విప్పే ముందు దాని బాడీకీ హెడ్‌కూ కలిపి తెల్ల పెయింటుతో గీత గీయండి. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) దాని స్థానం మీదే ఆధారపడి ఉంటుంది. బోల్టు తీసి సెన్సర్‌ను అటూ ఇటూ ఆడిస్తూ లాగాలి. కొత్త ఓరింగ్‌కు ఆయిల్ రాసి ఎక్కించి, గీతలు కలిపి బిగించాలి. తర్వాత ఇంజిన్ వేడెక్కాక, డయాగ్నసిస్ పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ అని రాసిన రెండు పిన్నులను తీగతో కలిపి, టైమింగ్ లైట్‌తో చూస్తే ఐడిల్‌లో, అంటే 850 ఆర్‌పీఎం దగ్గర, 10 డిగ్రీలు రావాలి. తీగ కలపకుండా చూస్తే కంప్యూటర్ తనకు నచ్చినట్టు టైమింగ్ మారుస్తుంటుంది, ఆ అంకెకు అర్థం లేదు. హెడ్ పైమూత గాస్కెట్ వెనక మూలల నుంచి కారినా గుర్తులు ఇలాగే ఉంటాయి, అదీ చూసుకోవాలి.

ఉదయాన స్టార్ట్ చేయగానే టిక్‌టిక్‌మని పైనుంచి వినిపించే శబ్దం 1.6 ఇంజిన్‌లో మామూలే. అవి ఆయిల్ ఒత్తిడితో వాల్వుల సందు సర్దే హైడ్రాలిక్ లిఫ్టర్లు. ఆయిల్ తగ్గినా, పాతబడి మురికి పట్టినా వాటిలో ఒత్తిడి నిలవదు. మంచి ఆయిల్ మార్చి కాసేపు హైవే మీద నడిపితే చాలావరకు సర్దుకుంటుంది. భయపడాల్సింది వేరే ఉంది. తొలి 1.6 ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు కొస పొట్టిగా ఉండేది. దాని బోల్టు వదులైతే పుల్లీని కదలకుండా పట్టే చిన్న ఇనుప ముక్క (కీ) గాడి అరిగి టైమింగ్ తప్పుతుంది. ఐడిల్‌లో ముందు నుంచి చూసినప్పుడు కింది పుల్లీ ఊగుతూ కనిపిస్తే ఆ బండి కొనొద్దు, సొంతదైతే నడపొద్దు.

వెనక బ్రేకుల గురించి ప్రత్యేకంగా రాయమని కోరుతున్నాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ సామాను విరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ యంత్రాంగం, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌లోనే ఉంటుంది. ముందు చక్రాల్లో లాగా పిస్టన్‌ను క్లాంపుతో లోపలికి నొక్కితే లోపలి అడ్జస్టరు పాడవుతుంది. హ్యాండ్‌బ్రేక్ దించి, కాలిపర్ వెనక ఉన్న మూత బోల్టు తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పట్టే గాడి ఉంటుంది. గడియారానికి ఎదురు దిశలో తిప్పితే పిస్టన్ లోపలికి పోతుంది. కొత్త ప్యాడ్లు పెట్టాక గడియారం దిశలో, డిస్కు పట్టేసేదాకా తిప్పి, అక్కణ్నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పాలి. అంతే. రెండు చక్రాలకూ ఇలా చేశాక హ్యాండ్‌బ్రేక్ లీవరు ఐదు నుంచి ఏడు క్లిక్కుల్లో పట్టాలి. పట్టకపోతే కేబుల్ బిగించే ముందు మళ్లీ ఈ అలెన్ గాడినే చూడాలి. ఒక ప్యాడు ఎక్కువగా, దాని జత తక్కువగా అరిగితే కాలిపర్ జారే పిన్నులు ఎండిపోయాయని అర్థం. వాటిని తీసి తుడిచి, బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజు రాయాలి.

మిగతావి తేలికే. గేర్‌బాక్సులో 75డబ్ల్యు-90 జీఎల్-4 ఆయిల్ సుమారు రెండు లీటర్లు పడుతుంది. జీఎల్-5 వద్దు, అందులోని గంధకం మిశ్రమాలు గేర్లు సాఫీగా కలిపే సింక్రోల ఇత్తడికి పడవు. వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌లో మాత్రం జీఎల్-5 పోయాలి. గేరు రాడ్డు చుట్టూ వేడి గాలి, రొద వస్తుంటే కింది రబ్బరు బూటు చిరిగి ఉంటుంది. స్పార్క్ ప్లగ్ సందు 1.1 మిల్లీమీటర్లు. ప్లగ్గులు చల్లారిన ఇంజిన్‌లోనే, ముందు చేత్తో తిప్పి ఎక్కించాలి, హెడ్ అల్యూమినియంది. లోడు మీద ఇంజిన్ తడబడితే ప్లగ్ వైర్లు మొదట అనుమానించాలి. టైమింగ్ బెల్టు 96,000 కిలోమీటర్లకు, దాంతోపాటే వాటర్ పంపు. బెల్టు తెగినా 1.6లో వాల్వులు పిస్టన్లకు తగలవు కాబట్టి ఇంజిన్ పోదు, కానీ నడిరోడ్డు మీద ఆగుతుంది. 185/60 ఆర్14 టైర్లకు 26 పీఎస్ఐ గాలి చాలు. తేలిక బండి, ఎక్కువ కొడితే గెంతుతుంది. జాకీ గేర్‌బాక్సునూ డిఫరెన్షియల్‌నూ కలిపే అల్యూమినియం ఫ్రేము కింద ఎప్పుడూ పెట్టకూడదు, అది వంగుతుంది. లేచి పడే హెడ్‌లైటు మోటారు మొరాయిస్తే, బానెట్ కింద మోటారు మీదున్న గుబ్బను చేత్తో తిప్పి లైటు పైకెత్తొచ్చు.

చాలా రోజులు నిలపాల్సి వస్తే టాపు ఎత్తి, కొక్కేలు బిగించే ఉంచాలి. నెలల తరబడి మడిచి ఉంచిన గుడ్డ కుంచించుకుపోయి మళ్లీ ముందు అంచుకు అందదు. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా చక్రాలకు దిమ్మలు పెట్టాలి, లేకపోతే ప్యాడ్లు డిస్కుకు అతుక్కుంటాయి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. మధ్యమధ్యలో ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మంచిది కాదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ నీరు చేరి ఉండిపోతుంది. నడిపితే అరగంటైనా నడపాలి, కుదరకపోతే కదపకుండా వదిలేయాలి.

భవదీయుడు,
మీ పాఠకుడు