తోడి గాంధారం మీట నొక్కితే రాదు

సంపాదకులకు నమస్కారం.

ఎలక్ట్రానిక్ సంగీతమంటే మీట నొక్కి కూర్చోవడమేనని, అందులో సాధనకు చోటు లేదని గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. విజయవాడ సత్యనారాయణపురంలో ముప్పై ఏళ్లుగా వీణ పాఠాలు చెబుతున్న నాకు ఆ మాట బాధ కలిగించింది.

ఈ సంగీతాన్ని ఇంటింటికీ చేర్చిన రికార్డుల్లో ముందు చెప్పుకోవలసినది అమెరికా సంగీతజ్ఞురాలు వెండీ కార్లోస్ 1968లో వెలువరించిన మొదటి ఆల్బమ్ 'స్విచ్డ్ ఆన్ బాక్'. ఆమె వాయించిన మూగ్ సింథసైజర్ (విద్యుత్తుతో స్వరాలను పుట్టించే వాద్యం) ఒకసారికి ఒక్క స్వరమే పలికేది కాబట్టి, నాలుగు స్వరాలు కలిసి వినిపించాలంటే నాలుగింటినీ విడివిడిగా వాయించి, ఎనిమిది ట్రాకుల టేపు మీద ఒకదానిపై ఒకటి చేర్చుకోవలసి వచ్చేది. మధ్యలో శ్రుతి జారితే టేపు ఆపి, శ్రుతి సరిచేసుకుని, అదే భాగాన్ని మళ్లీ అందుకోవాలి. ఆ ఆల్బమ్‌కు మూడు గ్రామీ పురస్కారాలు వచ్చాయి.

అంత దూరం వెళ్లనక్కరలేదు. నా దగ్గర రెండేళ్లు వీణ నేర్చుకున్న ఒక అబ్బాయి ఈమధ్యే తన మొదటి ఆల్బమ్ పూర్తి చేశాడు. బీఆర్‌టీఎస్ రోడ్డు మీద హారన్లు సద్దుమణిగాక, రాత్రి పదకొండు దాటిన తరువాత, మే నెల ఉక్కలో ఫ్యాను ఆపి మా ఇంటి తంబూర నాదాన్ని రికార్డు చేసుకున్నాడు. తోడి రాగంలోని గాంధారాన్ని, అంటే 'గ' స్వరాన్ని, మేము వీణపై దాని కింది స్వరమైన రిషభం మెట్టు మీద తీగ లాగి పలికిస్తాం. అతను కుడిచేత్తో కీబోర్డు మీద ఒకే మీట అదిమి, ఎడమ బొటనవేలితో పక్కనున్న చిన్న చక్రాన్ని మెల్లగా పైకి తోసి, పై స్వరమైన మధ్యమాన్ని తాకీ తాకకుండా వెనక్కి తెస్తున్నాడు. వేలు ఏమాత్రం సడలినా ఆ చక్రం చటుక్కున మొదటి చోటికి వచ్చేస్తుంది, గమకం, అంటే స్వరానికి ఇచ్చే ఆ ఊపు, అక్కడే తెగిపోతుంది. ఆ ఒక్క పట్టును నా ఎదుట ఇరవైసార్లకు పైగా వాయించాడు. దిగేటప్పుడు కంగారు కనిపిస్తోందని నేనంటే, మర్నాడు మళ్లీ వచ్చి వినిపించాడు. దీన్ని సాధన అనక మరేమనాలి?

తయారుగా దొరికే తాళాలను వరుసగా పేర్చి ఆల్బమ్ అని చెప్పుకునేవారూ ఉన్నారు. వారి విషయంలో మీ వ్యాసకర్తతో నాకు పేచీ లేదు. కానీ వారి కారణంగా ఈ అబ్బాయికి నగరంలోని ఒక సంగీత సభవారు, వాద్యం లేనివారికి వేదిక ఇవ్వలేమని చెప్పి పంపడం అన్యాయం. గమకం పలకదన్నది ఒక ముఖ్య కారణంగా ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. స్వరాన్ని సాగదీయడం, ఊపడం తెలిసిన సింథసైజర్ విషయంలో ఆ అభ్యంతరం కూడా నిలవదు.

కచేరీలకు మీరు సమీక్షలు వేస్తున్నట్టే, విజయవాడ, గుంటూరు యువకులు సొంత ఖర్చుతో తెస్తున్న ఇటువంటి తొలి ఆల్బమ్‌లకూ నెలకొకసారైనా సంగీతం తెలిసినవారి చేత సమీక్ష రాయించండి. బాగాలేకపోతే బాగాలేదనే రాయించండి, కానీ విన్న తరువాత రాయించండి. ఆ అబ్బాయి అనుమతితో అతని ఆల్బమ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఈ లేఖతోపాటు పంపుతున్నాను. తోడి మూడో ట్రాకులో ఉంది. దానిని హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా వినవలసిందిగా మీ వ్యాసకర్తకు నా మనవి.

— ఒక వీణ ఉపాధ్యాయురాలు, సత్యనారాయణపురం, విజయవాడ