ఆ ఎర్ర బంతి ఒకప్పుడు ఆపిల్ పండు

సంపాదకులకు నమస్కారం.

క్రిస్మస్ చెట్టు అలంకరణ మీద మీరు వేసిన కథనంలో ధరలు, దుకాణాలు ఉన్నాయి గానీ ఆ బొమ్మల వెనకున్న కథలు లేవు. నాకు అది పెద్ద వెలితిగా అనిపించింది.

జర్మనీలో డిసెంబర్ 24 బైబిల్లోని మొదటి మనుషులు ఆదాము హవ్వల రోజు. మధ్యయుగంలో వాళ్ల కథను నాటకంగా ఆడేటప్పుడు, వాళ్లున్న ఏదెను తోటకు గుర్తుగా పచ్చని చెట్టు నిలబెట్టి, వాళ్లు తిన్న పండుకు గుర్తుగా ఆపిల్ పళ్లు కట్టేవారు. తర్వాత ఇళ్లలోని చెట్లకూ పళ్లు ఎక్కాయి. 19వ శతాబ్దంలో జర్మనీలోని లౌషా ఊరి పనివాళ్లు ఊదిన గాజు బంతులు వాటి స్థానంలోకి వచ్చాయి.

నాకు మరీ ఇష్టమైనది ఉక్రెయిన్ కథ. భర్త పోయిన ఓ పేద తల్లి చెట్టుకు కట్టడానికి ఏమీ లేక, పిల్లలతో దిగులుగా పడుకుంటుంది. రాత్రంతా సాలీళ్లు కొమ్మకొమ్మకూ గూళ్లు అల్లుతాయి. పొద్దున్నే ఎండ తగలగానే ఆ దారాలు వెండి, బంగారం అయిపోతాయి. అందుకే అక్కడ చెట్టుకు సాలీడు బొమ్మ కడతారు. మనం బూజు దులిపాకే పండగ మొదలుపెడతాం!

మా సండే స్కూల్ పిల్లలు చెట్టు కడుతూ "ఇది ఎందుకు టీచర్?" అని అడుగుతారు. వాళ్ల కోసం ఈ డిసెంబర్‌లో వారానికి ఒక్క కథైనా పిల్లల పేజీలో వేయండి.

– ఒక సండే స్కూల్ టీచర్, గుంటూరు